అరవయ్యో శవం

పుదుచ్చేరిలో ఇరవై ఆరేళ్లు నేను జనాన్ని సరఫరా చేశాను. పెళ్లికి జనం కావాలన్నా, ఊరేగింపుకి కావాలన్నా, కోర్టు బయట కేకలు వేయడానికి కావాలన్నా సినిమా కంపెనీవాళ్లు ముందురోజు సాయంత్రం నాకు ఫోన్ చేసేవాళ్లు. తెల్లారేసరికి నిలబెట్టేవాణ్ణి. ఒకసారి వాన వల్ల రెండొందల మందిలో యాభై మందే వచ్చారు. ఆ యాభై మందికే నాలుగుసార్లు చొక్కాలు మార్పించి, నాలుగు వైపుల నుంచి నడిపించాను. ఇంతమందిని ఎందుకు తెచ్చావయ్యా అని డైరెక్టరు నన్ను కసురుకున్నాడు. ఇందులో సగం నిజం. ఏ సగమన్నది నేనే మరిచిపోయాను.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం నేను కలిపింది ఏమీ లేదు. కలపగలిగితే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్లో గ్రూపు పెట్టుకుంటారు, చేతికి నంబరు పట్టీ కడతారు, ఎక్కినప్పుడొకసారి దిగినప్పుడొకసారి లెక్క చూస్తారు. చూసి నవ్వకండి. మేం అన్నం పొట్లాలతో లెక్క పెట్టేవాళ్లం. అరవై మందిని తెస్తే అరవై పొట్లాలు తెప్పిస్తాం. మధ్యాహ్నం పొట్లాలన్నీ అయిపోతే మనుషులంతా ఉన్నట్టు. ఆకలి అబద్ధం చెప్పదని మా గురువు నేర్పిన పద్ధతి అది. ఇరవై ఆరేళ్లలో అది ఒక్కసారే తప్పింది. తప్పించింది నేనే.

ఆ ఏడు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వచ్చింది. ఒక తెలుగు నవలను సినిమాగా తీస్తున్నారు. సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఊరికొక జబ్బు, చచ్చినవాళ్లు లేచి నడవడం, చివరికి లోకమే మిగలకపోవడం, అదీ కథ. జాంబీలన్నమాట. అసిస్టెంట్ డైరెక్టరు నాకు ఆ పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. మా మురుంగపాక్కంలో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ, అక్షరాలు నేను సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నవాణ్ణి. నాలుగొందల పేజీల్లో నలభై చదివి, మొత్తం చదివేశానని డైరెక్టరుతో చెప్పాను. ఏది నచ్చిందని అడిగితే చివరి అధ్యాయం అన్నాను. "అది మనం తియ్యడం లేదు" అన్నాడు ఆయన. అంతటితో ఆ పరీక్ష గట్టెక్కాను.

నవల రాసిన ఆవిడ కూడా షూటింగుకు వచ్చింది. పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బాదంచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తన పుస్తకానికి ఏమవుతోందో చూస్తూ ఉండేది. ఆమె రాసిన శవాలు పరుగెత్తవు, కరవవు, మెల్లగా నడుస్తాయి. సినిమాలో పరుగెత్తుతాయి, కరుస్తాయి, ఒకటైతే మోటారుసైకిలు కూడా తోలుతుంది. మొదటిరోజు నా మనుషుల్ని చూసి ఆమె నన్ను పిలిచి, వీళ్లంతా భోంచేసి వచ్చినట్టున్నారు కదా అంది. తిననిదే ఎవరూ రారమ్మా అన్నాను. నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

నాలుగోరోజు పొద్దున ఆరింటికి నా అరవై మందిలో ఒకాయనకు జ్వరం. యాభై తొమ్మిది మందితో వెళితే నా మాట పోతుంది. ఆలోచిస్తూ వాకిట్లో నిలబడి ఉండగా మా ఎదురింటి ఆడపిల్ల వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటింది. మూలకుళంలో ఒక మందుల షాపులో బిల్లులు వేసే ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు, తల్లితో ఉంటుంది. ఆ తల్లిని నేను అత్తా అని పిలుస్తాను. వరస లేదు, చిన్నప్పటి నుంచి అలవాటు. రెండేళ్లుగా అత్తకు జ్ఞాపకం సన్నగిల్లింది. పగలు ఆమెను కనిపెట్టుకుని ఉండే పక్కింటామె ఆరోజు కడలూరులో పెళ్లికి పోయింది. మా ఇంటామె చూస్తుందేమోనని కూతురు అడగడానికి వచ్చింది.

మా ఇంటామె అప్పటికే పనికి వెళ్లిపోయింది. నేను చూసుకుంటాలే అన్నాను. షూటింగు దగ్గర చెట్టునీడ, ఫ్యాను, టిఫిను అన్నీ ఉంటాయి, మహారాణిలా కూర్చుంటుంది అన్నాను.

"కుర్చీలో కూర్చోబెట్టు అన్నా," అంది కూతురు. "ఒంటిగా వదలద్దు. నిన్ను నమ్మి పోతాండా."

అట్లే అన్నాను. అప్పటికే నా కళ్లు అత్త నడక మీద ఉన్నాయి. సన్నటి మనిషి, ఒంగిన వీపు, కాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ వేసే అడుగు. రచయిత్రి మూడు రోజులుగా వెతుకుతున్న శవం మా ఎదురింట్లోనే ఉంది.

మేకప్ కుర్చీలో అత్త చిన్నపిల్లలా కుదురుగా కూర్చుంది. కుడిచెంప ఊడిపోయినట్టు, గొంతు తెగినట్టు రబ్బరు అంటించారు, రంగు పూశారు. అద్దంలో చూసుకుని, "ఎవురు ఈయమ్మ? దెబ్బ తగిలిండాదే, పాపం" అంది. మేకప్ ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. 

షాటు సముద్రం పక్కనున్న పాత వీధుల్లో. మీకు తెలుసు కదా, గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి, రెండువైపులా పసుపుపచ్చ గోడలు. అరవై మందీ మెల్లగా నడిచి వచ్చి వీధి చివర కుడివైపు తిరగాలి. అక్కడ హీరో ఉంటాడు, తర్వాత జరగాల్సింది జరుగుతుంది. అత్తను వెనక వరసలో గోడ పక్కన నిలబెట్టాను. పదింటికి మొదటి టేకు. పదిన్నరకు రెండోది. ఎండ ముదిరింది, జనరేటరు ఆగింది, ఎవరో కళ్లు తిరిగి పడ్డారు, నేను అటూ ఇటూ పరుగెడుతూనే ఉన్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు పొట్లాలు వచ్చాయి. పంచగా ఒకటి మిగిలింది.

పొట్లం మిగిలితే మనిషి లేడని. ఆ పద్ధతి పెట్టుకున్నదే అందుకు. నేను మాత్రం హోటలువాడు ఒకటి ఎక్కువ పంపాడనుకున్నాను. ఆకలిగా ఉంది. ఎదుటి గోడ నీడలో కూర్చుని నేనే తిన్నాను. సాంబారన్నం, అప్పడం, కాస్త సేమియా పాయసం. బాగుందని హోటలువాడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రెండున్నరకు కూతురు ఫోన్ చేసింది.

"అమ్మ తినిందా అన్నా?"

"తినింది" అన్నాను.

ఆ మాట నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. ఫోన్ పెట్టేశాక నా నాలిక మీద ఇంకా పాయసం తీపి ఉంది. అప్పుడు తెలిసింది నేను ఎవరి పొట్లం తిన్నానో.

తర్వాతి అరగంట ఎలా గడిచిందో వరసగా చెప్పలేను. నా మనుషులు ఎదుటి గోడ నీడలో, అరుగుల మీద, లారీ కింద ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోతున్నారు. అందరి మొహాలూ కుళ్లిపోయి ఉన్నాయి. ఒక్కొక్కరి గడ్డం ఎత్తి చూశాను, లేపి పేరు అడిగాను. యాభై తొమ్మిది మంది. అసిస్టెంట్ డైరెక్టరు ప్రతి టేకుకూ ముందు తన ఫోన్లో ఫొటో తీసుకుంటాడు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తుకోసం. పదింటి ఫొటోలో గోడ పక్కన అత్త ఉంది. పదిన్నర ఫొటోలో గోడ మాత్రమే ఉంది.

నాలుగు గంటలుగా లేదు. జ్ఞాపకం లేని మనిషి, చేతిలో ఫోను లేదు, పొద్దున తిన్న రెండు ఇడ్లీలు తప్ప కడుపులో ఏమీ లేదు, చిత్తిరై నెల, నడివేసవి ఎండ. వీధి చివర సముద్రం.

డైరెక్టరుతో చెప్పొద్దన్నాడు అసిస్టెంటు. చెబితే షూటింగు ఆగుతుంది, ఆగితే తన ఉద్యోగం పోతుంది.  బాదంచెట్టు కింద నుంచి రచయిత్రి ఇదంతా వింది. లేచి, కంపెనీవాళ్లు ఆవిడకిచ్చిన కారు తలుపు తీసి, ఎక్కండి అంది.

మొదట కారులోంచే వెనక వీధి చూశాం. అత్త లేదు. బీచి రోడ్డంతా మెల్లగా పోయాం. నేను కిటికీలోంచి మనుషులకంటే నీళ్లనే ఎక్కువగా చూశాను. అడిగిన ప్రతివాడూ చూశామనేవాడు. గుచ్చి గుచ్చి అడిగితే అది నిన్నటి మాటో, మొన్నటి మాటో. మొదటిరోజు మా శవాలను చూసి జనం పక్కకు తప్పుకున్నారు. నాలుగోరోజుకు ఆ శవాలు కొట్లో నిమ్మసోడా తాగుతున్నా తల తిప్పి చూసేవాడు లేడు. ఊళ్లో ఒకే ఒక జాంబీ ఉంటే వెతకడం ఎంత సులువు. నేను అరవై మందిని వదిలాను.

మూలకుళంలో అత్త చెల్లెలుంది. అక్కడికేమైనా పోయిందేమో చూడాలి. కానీ కూతురి మందుల షాపు అదే రోడ్డులో ఉంది. ఆ షాపు ముందు నుంచి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. రోడ్డు తవ్వారని డ్రైవరుకి అబద్ధం చెప్పి చుట్టూ తిప్పించాను. పావుగంట పోయింది. చెల్లెలి ఇంట్లో అత్త లేదు. ఎందుకు అడుగుతున్నావని ఆమె అడిగితే ఊరికే అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి గుమ్మం పట్టుకుంది.

కదిర్కామం పెద్దాసుపత్రికి పోయాం. దెబ్బలతో ఎవరినైనా తెచ్చారా అని అడిగాను. ఆనవాళ్లు చెప్పమంది అక్కడి నర్సు. కుడిచెంప లేదు, గొంతు తెగి ఉంటుంది, నడిచే వస్తుంది అన్నాను. ఆవిడ కలం కింద పెట్టింది. రచయిత్రి ముందుకొచ్చి తమిళం రాక ఇంగ్లీషులో విషయమంతా వివరించింది. అలాంటివాళ్లెవరూ రాలేదని, వస్తే ఫోన్ చేస్తానని నర్సు నంబరు రాసుకుంది. బయటికొచ్చాక నాకు నవ్వొచ్చింది. ఆగలేదు. మెట్ల మీద కూర్చుని నవ్వాను. అది నవ్వు కాదని కాసేపటికి రచయిత్రికి అర్థమైనట్టుంది, వచ్చి పక్కన నిలబడింది.

నాలుగున్నరకు కారులో ఉండగా కూతురు మళ్లీ ఫోన్ చేసింది. అమ్మతో ఒకసారి మాట్లాడించమంది. షాటులో ఉంది, ఇప్పుడు కుదరదు అన్నాను. చెప్పాక నా నోరంటే నాకే అసహ్యం వేసింది. షాటేంది, కుర్చీలో కదా కూర్చోబెడతానన్నావు అని ఆమె అడుగుతుండగానే పెట్టేశాను.

రచయిత్రి కిటికీ వైపే చూస్తూ అడిగింది. "నా పుస్తకం ఎంతవరకూ చదివారు?"

నలభై పేజీలన్నాను. ఆ పుస్తకం గురించి మొదటిసారి నిజం చెప్పాను.

"ఆ ఊరు జబ్బు వల్ల పాడు కాలేదండీ. మొదటి వారంలో ఎవరి ఇంట్లో ఎవరు చచ్చారో పక్కవాళ్లకు చెప్పలేదు. లోపల ఉన్నారన్నారు, నిద్రపోతున్నారన్నారు. తలుపు దగ్గర నిలబడి ఉన్నది తల్లేనా, శవమా అని తేల్చుకోలేక లోపలివాళ్లు కొట్టుకుంటుంటే, తెలిసినవాడు బయట నోరు మూసుకుని ఉన్నాడు. నేను రాసిన భయం అదీ. సినిమాలో ఆ చోట మోటారుసైకిలు పెట్టారు."

 ఆ కూతురికి చెప్పండి అని అనలేదు. రెండు సిగ్నళ్లు దాటాం. ఫోన్ తీసి నేనే కూతురికి చేశాను. కుర్చీలో కూర్చోబెట్టలేదని, మొహానికి రంగు పూయించి నడిపించానని, పదిన్నర నుంచి కనబడలేదని, తినిందని చెప్పింది అబద్ధమని చెప్పాను. వరసగా, గుక్క తిప్పుకోకుండా. అవతల ఏడుపు వస్తుందని, తిట్లు వస్తాయని ఫోన్ను చెవికి గట్టిగా అదుముకున్నాను. కాసేపు షాపులో ఎవరో మాత్రలు అడగడం వినిపించింది.

"యాడ నిలబెట్టినావు?" అంది.

"గోడ పక్కన."

"గోడ ఏ చేతి పక్క ఉండె?"

ఎడమచేతి పక్కన అన్నాను.

"అయితే అమ్మ గోడ వదలదు. ఇంట్లో కుడిచేత్తో చీర కుచ్చెళ్లు పట్టుకుంటుంది, ఎడమచెయ్యి గోడకు పెట్టి పోతుంది. గోడ యాడ తిరిగితే తానూ ఆడ తిరుగుతుంది. రోడ్డు దాటదు. సీక్రం పో అన్నా, నేనూ వస్తాండా."

రెండు గంటలు. తినింది అనే ఒక్క మాట చెప్పకుండా ఉంటే ఈ సంగతి నాకు రెండున్నరకే తెలిసేది.

డ్రైవరు వెనక్కి తిప్పాడు. నా మనసులో ఆ వీధులు గీసుకుంటున్నాను. అందరూ కుడివైపు తిరిగారు. అత్త ఎడమచెయ్యి గోడకు ఆనించి నడిచింది కాబట్టి మూల దగ్గర ఎడమకు తిరిగి ఉంటుంది. అక్కడ గోడ అయిపోదు. ఆ వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండదు. మళ్లీ మూల, మళ్లీ ఎడమ, మళ్లీ మూల. చతురస్రం. మేం షూటింగు చేస్తున్న ఇళ్ల వరసనే ఆమె చుట్టి వస్తూ ఉండాలి. రెండో టేకు కాగానే మా వీధివైపు ఆ గోడ వెంట లైట్ల కోసం పెద్ద నల్లగుడ్డ కట్టాం. గుడ్డకు అవతల గోడ ఉంది, ఇవతల మేమున్నాం. గంటల తరబడి ఆమె ఆ గుడ్డ వెనకగా మాకు పదడుగుల దూరంలో పోతూ ఉంటే, నేను ఆ పక్కనే కూర్చుని ఆమె అన్నం తిన్నాను.

వెనక వీధిలో కారు దిగేసరికి అత్త కనబడలేదు. మొదట చూసినప్పుడు కూడా ఇలాగే ఉంది. ఆమె అప్పుడు అవతలి వైపు ఉండి ఉంటుంది. ఒక ఇంటి గేటు దగ్గర కాపలా ఆయన కుర్చీలో ఉన్నాడు. అడగబోయేలోపే ఆయనే మెచ్చుకున్నాడు. మీ సినిమాలో అందరికంటే ఆ ముసలామె బాగా చేస్తోందట, పొద్దున్నుంచి ప్రాక్టీసు ఆపలేదట, మధ్యాహ్నం నీళ్లిస్తే తాగి మళ్లీ నడిచిందట.

ఆయన మాట్లాడుతుండగా నేను గోడ చూశాను. పసుపుపచ్చ సున్నం మీద, నడుం ఎత్తున, సన్నటి గోధుమరంగు గీత. ఇటు మూల నుంచి అటు మూల వరకూ ఒకటే గీత. కొన్నిచోట్ల దాని మీద ఇంకా ఎర్రగా ఉంది.

మూల తిరిగి అత్త వచ్చింది. చెంప రబ్బరు సగం ఊడి వేలాడుతోంది. కాళ్లకు చెప్పులు లేవు. నేను పరుగెత్తి అత్తా అన్నాను. ఆగలేదు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. నాకు ఆమెను లాగాలంటే భయం వేసింది, పక్కనే నడిచాను. రచయిత్రి అవతలి పక్క నడిచింది. అలా ముగ్గురం ఒక మూల తిరిగాం. నాకు ఏడుపు రాలేదు.  ఇలా నడుస్తూ నడుస్తూనే ఆమె పడిపోతుందని, నేను చూస్తూనే ఉంటానని అనుకున్నాను.

కూతురు స్కూటీని రోడ్డు మధ్యలోనే పడేసి వచ్చింది. తల్లి మొహం వైపు చూడలేదు, అమ్మా అని పిలవలేదు. తల్లికి నాలుగడుగుల ముందు గోడకు తన అరచెయ్యి ఆనించి నిలబడింది. అత్త చెయ్యి గోడ వెంట వచ్చి వచ్చి ఆ చేతిని తాకింది. తడిమింది. వేళ్లు, గాజు, మణికట్టు. ఆగింది.

"నీళ్లు" అంది.

అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లు, పంచదార ఇచ్చారు. మేకప్ ఆయన కొబ్బరినూనె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కూతురు నూనె గుడ్డతో మొహం తుడుస్తూ, మెల్లగా తల్లి అరచెయ్యి తిప్పి చూసింది. అక్కడ తుడవడానికి రంగు లేదు. చర్మమే పోయింది. నేను ఏదో చెప్పబోయాను.

"తినిందని చెప్పినావే అన్నా" అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు.

మర్నాడు డైరెక్టరు నాకు కబురు పెట్టాడు, ఆ ముసలామె కావాలని. నేను పోలేదు. ఆ తర్వాత ఏ కంపెనీకీ పోలేదు. నన్ను ఎవరూ రిటైరు చేయలేదు, ఈ పనికి పింఛను కూడా లేదు, నేనే ఆపేశాను. సినిమా వచ్చింది, రెండు వారాలు ఆడింది. మోటారుసైకిలుకు థియేటర్లో ఈలలు పడ్డాయట. నేను చూడలేదు. పుస్తకం మాత్రం చదివాను, నాలుగొందల పేజీలూ. నెల పట్టింది. రచయిత్రికి ఫోన్ చేసి చివరి అధ్యాయం నిజంగానే బాగుందని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఎదురింటి కూతురు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. మా ఇంటామెతో మాట్లాడేది, నేను వస్తే లోపలికి పోయేది. ఒక ఆదివారం మాత్రం గేటు దగ్గరకొచ్చి, నేను షాపుకు పోవాల, సాయంత్రం అమ్మను అట్లా నడిపించుకుని వస్తావా అంది. ఎందుకు అడిగిందో నాకిప్పటికీ తెలియదు. వేరే మనిషి దొరికి ఉండకపోవచ్చు. అప్పటి నుంచి ఆదివారాలు ఆ పని నాది. చెయ్యి గోడకు కాకుండా నా చేతికి ఆనించి నడుస్తుంది.

ప్రతిసారీ నువ్వెవరని అడుగుతుంది. నేనా, ఒక్క జవాబుతో సరిపెట్టుకునే మనిషిని కాను. ఒక వారం కలెక్టరునన్నాను. ఒక వారం చంద్రుడి మీద నుంచి దిగానన్నాను, అక్కడ ఎండ ఎట్లుంటుందని అడిగింది. ఒక వారం ఆమె మొగుడికి తమ్ముణ్ణన్నాను, నమ్మలేదు. మొన్న ఆదివారం ఎందుకో ఏమీ తోచలేదు. నోరు కూడా అలిసిపోతుందేమో.

"నువ్వెవురు నాయనా?"

"నిన్ను పోగొట్టినోణ్ణి అత్తా" అన్నాను.

ఆమె నడక ఆపింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు, గుర్తూ లేదు. ఏదో పెద్ద చిక్కు విప్పుతున్నట్టు నొసలు ముడుచుకున్నాయి.

"మళ్లీ దొరికినానా?" అంది.

"దొరికినావు."

తల ఊపింది. నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని అడుగు వేసింది.